కాలువ నీళ్ళు కట్టేసినప్పుడే కెమిస్ట్రీ బ్లాకు పని

కాలేజీ సంచికకి రాయమంటే అందరూ క్యాంటీన్ పెసరట్టు గురించో ఫేర్‌వెల్ గురించో రాస్తారు కాబట్టి నేను డ్రైనేజీ గురించి రాస్తున్నాను. నవ్వకండి. మా ఎమ్మెస్సీ రెండేళ్ళూ కెమిస్ట్రీ బ్లాకుని ఒకవైపు విప్పుతూనే ఉన్నారు, ఇంకోవైపు మేం టైట్రేషన్లు చేస్తూనే ఉన్నాం, వెనక గదుల్లో రీసెర్చి స్కాలర్లు వాళ్ళ రియాక్షన్లు వాళ్ళు పెట్టుకుంటూనే ఉన్నారు. ఖాళీ చేసి వెళ్దామంటే ఇంకో చోటు లేదు మరి.

ఆ బ్లాకు రెండు కాలాల కట్టడం. ముందు సగం సున్నం గోడలు, టేకు దూలాల మీద మద్రాస్ టెర్రస్, అంటే ఇటుకలూ సున్నంతో వేసే పాతకాలపు కప్పు. వెనక సగం చాలా ఏళ్ళ తర్వాత కట్టిన కాంక్రీటు. పాతదే ముందు పాడవుతుందనుకుంటాం కదా, పెచ్చులూడింది మాత్రం కొత్తదానికి. మన గాలిలో ఉప్పు ఎలాగూ ఉంది, దానికి ల్యాబులో హైడ్రోక్లోరిక్ యాసిడ్ ఆవిర్లు తోడయ్యాయి, రెండూ కలిసి లోపలి చువ్వని పట్టుకున్నాయి. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, ఉబ్బి పైనున్న కాంక్రీటుని బయటికి తోసేస్తుంది. సున్నం గోడలో అసలు చువ్వే లేదు, ఇక తుప్పు పట్టేదేముంది? దానికి జరిగిన అన్యాయమల్లా మధ్యలో ఎవరో నున్నగా ఉంటుందని సిమెంటు పూయించడమే. కిందినుంచి ఎక్కే చెమ్మని సున్నం బయటికి వదిలేస్తుంది, సిమెంటు వదలదు, అందుకే ఏ గోడ చూసినా బొబ్బలు. మేస్త్రీ ఆ సిమెంటంతా చెక్కేసి మళ్ళీ సున్నమే పెట్టాడు.

ఈలోగా కాలేజీలకి గ్రేడులిచ్చే న్యాక్ టీం వస్తోందని కబురు. కమిటీలో కొందరు ముందు టైల్సూ రంగులూ కానిచ్చేద్దామన్నారు. మా హెడ్ మేడం గారు ససేమిరా అన్నారు. సింకుల కింద పాత స్టోన్‌వేర్ గొట్టాలున్నాయి, గొట్టాలకేం కాలేదు గానీ వాటి అతుకుల్లోని సిమెంటుని ఏళ్ళ తరబడి పారబోసిన యాసిడ్ తినేసింది. వాటి మీద టైల్సు పరిస్తే ఏడాది తిరక్కుండా అవే టైల్సు పగలగొట్టాలని ఆవిడ వాదన. సరే, తవ్వాలి. ఎప్పుడు తవ్వాలి? మన నేలలో కాస్త లోతుకి వెళ్తే చాలు ఊట. దాళ్వా (రెండో పంట వరి) కోతలయ్యి కాలువలకి నీళ్ళు కట్టేశాక, సార్వాకి (తొలకరి వరికి) మళ్ళీ నీళ్ళొదిలేలోపే నేల కొంచెం ఆరేది. పూడికతీతలు, లాకుల రిపేర్లు, మా డ్రైను, అన్నీ అప్పుడే. కాటన్ దొర 1852లో గోదావరి ఆనకట్టతో పాటు మా ప్రాక్టికల్స్ టైంటేబుల్ కూడా ఖాయం చేసి వెళ్ళాడన్నమాట! పరీక్షలు ముందుకి జరిపారు, మేం ఇళ్ళకి పోయాం. ఎండాకాలమంతా దుమ్ములో మిగిలింది స్కాలర్లే.

వాళ్ళకి అసలు టెన్షన్ నీళ్ళతో. ఒక అన్నయ్య రీఫ్లక్స్ (మరిగే సాల్వెంటు ఆవిరిని పైన చల్లటి నీళ్ళ కండెన్సరుతో మళ్ళీ ఫ్లాస్కులోకే దింపడం) పెట్టి టిఫినుకి వెళ్ళాడు, కింద ప్లంబరు ఎవరికీ చెప్పకుండా వాల్వు కట్టేశాడు, కండెన్సర్లో నీళ్ళాగిపోయి సాల్వెంటంతా ఆవిరైపోయి ఫ్లాస్కు మాడింది. అది ఇట్టే అంటుకునే ఈథర్ కాకపోవడం అదృష్టం. ఆ రోజు నుంచి రూలు పెట్టారు: నీళ్ళు గానీ కరెంటు గానీ ఆపాలంటే ముందురోజు సాయంత్రమే బోర్డు మీద రాయాలి, ప్రతి గదిలోనూ సంతకం తీసుకోవాలి, సంతకం లేకపోతే రెంచీ బయటికి తీయకూడదు. నీళ్ళు లేని రోజులకి ఉపాయం చెప్పింది మాత్రం మన అటెండర్ బాబాయ్. "కూలర్ మోటారుందిగా అమ్మాయిగారూ, టబ్బులో పెట్టి అవే నీళ్ళు తిప్పుకోండి, ఐసు నేను తెస్తానండి" అన్నాడు. రొయ్యలకి ఐసు వేసే ఫ్యాక్టరీ నుంచి సైకిల్ మీద గోనెలో చుట్టి దిమ్మ తెచ్చేవాడు. మన ల్యాబులో ఆ వేసవి పీహెచ్‌డీ పనంతా రొయ్యల ఐసు మీదే నడిచింది.

దుమ్ముకి ప్లైవుడ్ అడ్డుగోడ, దాని మీద తడి గోనెలు. డ్రిల్లింగంతా పొద్దున్నే, ఎందుకంటే గోడ అదిరితే బ్యాలెన్సు రూములో తూకం నాలుగో దశాంశం నిలవదు. పాత రాళ్ళు లేపితే సందుల్లో పాదరసం పూసలు, ఎన్ని థర్మామీటర్లు పగిలితే అంత చేరిందో! ఊడ్చబోయిన కూలీలని ఆపి, గంధకం పొడి చల్లి, జాగ్రత్తగా ఏరి సీసాకెత్తించారు.

ల్యాబు ఆవిర్లని బయటికి లాగే ఫ్యూమ్ హుడ్ కథ వేరే. కొత్త బ్లోయర్ బాగానే లాగింది, హుడ్ మూతి దగ్గర సెకనుకి అర మీటరు వేగం రావాలంటే వచ్చింది, అందరూ చప్పట్లు కొట్టారు. మధ్యాహ్నం సముద్రపు గాలి తిరగగానే ఆ కంపంతా పై అంతస్తు క్లాసులోకి. పొగగొట్టం పిట్టగోడ దాకానే పెట్టారు మహానుభావులు. తర్వాత కప్పు కంటే మూడు మీటర్లు పైకి లేపించారు, అప్పటిదాకా పైవాళ్ళు కిటికీలు మూసుకునే పాఠాలు విన్నారు.

ఇప్పుడు వెనక సగం మళ్ళీ విప్పబోతున్నారని విన్నాను. ఏ గొట్టం ఎక్కడ తిరుగుతుందో, ఏ వాల్వు ఏ గదిదో బాబాయ్ క్యాలెండర్ వెనక పెన్సిల్‌తో గీసిన పటం ఫోటో నా దగ్గరుంది. కాంట్రాక్టరు గారి డ్రాయింగులో లేని రెండు వాల్వులు అందులో ఉన్నాయి. డిపార్ట్‌మెంటు వాళ్ళు అడిగితే పంపిస్తాను, కాలువ కట్టేలోపు అడగండి.