హారం అనే మాట

ఏడో తరగతి పిల్లలకు భిన్నాలు చెబుతున్నాను. బోర్డు మీద మూడు బై ఏడు రాసి, పైనున్నది లవం అన్నాను. కిందనున్న ఏడు దగ్గర చాక్‌పీస్ ఆనించి అలాగే నిలబడిపోయాను. మాట రావడం లేదు. ఇరవై రెండేళ్లుగా లెక్కలు చెబుతున్నదాన్ని. రోజూ నోట్లో నానే మాట, సమయానికి రాలేదు. సరిగ్గా అప్పుడే ఛాతీ మధ్య నుంచి వేడి బయల్దేరింది. మెడ, చెవులు, ముఖం, చివరికి నెత్తి. జుట్టు కుదుళ్లలోంచి చెమట కారి కంట్లో పడి మండింది. ముందు బెంచీలో కూర్చున్న పిల్ల మెల్లగా, "హారం, టీచర్" అంది.

అప్పటికి నాకు 48 ఏళ్లు. మా అమ్మమ్మ చివరి రోజుల్లో మతి పోయి మమ్మల్నెవరినీ గుర్తుపట్టలేదు. నాకూ అదే మొదలైందనుకున్నాను. బెల్లు కొట్టాక స్టాఫ్‌రూమ్‌కు వెళ్లకుండా బాత్రూమ్‌లో తలుపేసుకుని ఏడ్చాను. ఇది మెనోపాజ్‌కు సంబంధించినది కావచ్చని ఒక్కసారి కూడా తట్టలేదు. మెనోపాజ్ అంటే నెలసరి ఆగిపోవడం, అంతే అనుకునేదాన్ని. నాకేమో ఇంకా పూర్తిగా ఆగలేదు. ఒకసారి మూడు వారాలకే, ఇంకోసారి రెండు నెలలకు. వస్తే మాత్రం విపరీతంగా పోయేది.

తర్వాత తెలిసిందేమిటంటే, వరసగా 12 నెలలు నెలసరి రాకపోతేనే మెనోపాజ్ అంటారు. అవస్థ మాత్రం అంతకు కొన్నేళ్ల ముందే మొదలు కావచ్చు. ఆ ఏళ్లలో ఈస్ట్రోజన్ అనే ఆడవాళ్ల హార్మోన్ మెట్లు దిగినట్టు వరసగా తగ్గదు. ఒక వారం ఎగబాకుతుంది, ఇంకో వారం దబ్బున పడిపోతుంది. అందుకే 45 దాటిన వాళ్లకు ఒక రోజు రక్తం తీసి హార్మోన్లు చూసినంత మాత్రాన పెద్దగా తేలేదేమీ ఉండదు. మనం చెప్పే లక్షణాలే అసలు ఆధారం.

పగలు ఒళ్లంతా కమ్ముకొచ్చే ఆ వేడి ఆవిర్లు ఎలాగో భరించాను. నన్ను కుంగదీసింది రాత్రులు. పన్నెండున్నరకు ఒకసారి, రెండింటికి ఒకసారి, మళ్లీ మూడున్నరకు. ముందు గుండె దడదడలాడి మెలకువ వచ్చేది. ఆ వెంటనే వేడి, ఒళ్లంతా చెమట. మంచం పక్కన స్టూలు మీద రెండో నైటీ మడతపెట్టి ఉంచుకోవడం అలవాటైంది. చీకట్లోనే తడిసింది విప్పేసి, పొడిది తొడుక్కుని, దిండు రెండోవైపుకు తిప్పుకునేదాన్ని. పది నిమిషాలకు వణుకు. ఆయన లేచి ఫ్యాన్ పెంచేవారు, కాసేపటికి మళ్లీ లేచి తగ్గించేవారు. ఏమైందని అడిగేవారు కాదు. ఆ సమయంలో నాకు జవాబు చెప్పే ఓపిక లేదని ఆయనకు అర్థమైనట్టుంది. ఆ రోజుల్లో నాకు దొరికిన పెద్ద సాయం అదే.

ఇలా ఎందుకవుతుందో తెలిశాక భయం సగం తగ్గింది. ఒంటి వేడిని అదుపులో ఉంచేది మెదడులోని హైపోథలామస్. ఈస్ట్రోజన్ తగ్గితే అక్కడి కొన్ని నాడీకణాలు అవసరానికి మించి చురుగ్గా పనిచేస్తాయట. మామూలుగా ఒంటి వేడి కాస్త అటూ ఇటూ అయినా అది పట్టించుకోదు. ఇప్పుడు అతి కొద్ది తేడాకే, ఒళ్లు కాలిపోతోందన్నట్టు రక్తనాళాలను వెడల్పు చేసి చెమట పట్టించేస్తుంది. అంటే అదంతా నా ఊహ కాదు, నా టెన్షన్ వల్ల వచ్చిందీ కాదు. ఆ ముక్క ఎవరైనా మొదట్లోనే చెప్పి ఉంటే ఎంత బాగుండేది!

మొదట చూపించుకున్న డాక్టర్ గుండెదడకు ఈసీజీ తీయించారు. థైరాయిడ్ పరీక్ష చేయించారు, అది మంచి పనే. థైరాయిడ్ తేడా చేసినా చాలావరకు ఇవే లక్షణాలు ఉంటాయి. హిమోగ్లోబిన్ తక్కువగా ఉందని ఐరన్ మాత్రలు రాశారు, గర్భసంచికి స్కాన్ చేయించారు. ఇక ఆవిర్లు, నిద్ర గురించి అడిగితే, "ఈ వయసులో అందరికీ ఉండేదేనమ్మా, ఒకటి రెండేళ్లు ఓపిక పట్టండి" అన్నారు. నేను నమ్మాను. అమెరికాలో ఏళ్ల తరబడి ఆడవాళ్లను గమనించిన ఒక పెద్ద అధ్యయనంలో ఆవిర్లు తరచూ వచ్చేవాళ్లకు అవి ఉండే కాలం సగటున 7.4 ఏళ్లని తేలిందని చాలా ఆలస్యంగా తెలిసింది.

నిజం చెప్పాలంటే మందులు రాయమని నేనూ గట్టిగా అడగలేదు. ఆవిర్లకు ఇచ్చే హార్మోన్లు వాడితే రొమ్ము క్యాన్సర్ వస్తుందన్న మాట ఎప్పుడో చదివి మనసులో పాతుకుపోయింది. పైగా మా వదినకు, అంటే అన్నయ్య భార్యకు, నాలుగేళ్ల కిందట రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయింది. కీమో రోజుల్లో ఆస్పత్రిలో ఆమె పక్కన కూర్చున్నదాన్ని. ఆ భయం నాకు పుస్తకాల్లోది కాదు.

అందుకని సోయా నుంచి తీసిన ఐసోఫ్లేవోన్ మాత్రలు మూడు నెలలు వాడాను. కొందరికి కాస్త పనిచేస్తాయంటారు, నాకైతే తేడా తెలియలేదు. సాయంత్రం నడక, బరువులతో వ్యాయామం మొదలుపెట్టాను. ఆవిర్లు తగ్గలేదు కానీ మనసు కొంత తేలికపడింది. ఎముకల కోసం అది ఎలాగూ కావాలి, ఇప్పటికీ మానలేదు.

49 నిండాయి. నెలసరి ఆగిపోయి ఏడాది దాటింది. ఒక రోజు, ఆ హారం అందించిన పిల్లే, హోమ్‌వర్క్‌లో గుణకారం తప్పు చేసింది. అంతకుముందు వారమంతా నాకు కంటి మీద కునుకు లేదు. పుస్తకం బల్ల మీదకు విసిరి గట్టిగా అరిచాను. క్లాసంతా బిక్కచచ్చిపోయింది. ఆ పిల్ల పుస్తకం తీసుకుని, నలిగిన పేజీని అరచేత్తో సాపు చేసుకుంటూ వెళ్లి కూర్చుంది. ఆ చేయి నాకిప్పటికీ కళ్ల ముందుంది. మర్నాడు అందరి ముందూ సారీ చెప్పాను. అదే వారం ఇంకో గైనకాలజిస్ట్ దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకున్నాను.

వెళ్లేముందు రెండు వారాలు నోట్‌బుక్‌లో రాశాను. రోజుకు ఎన్ని ఆవిర్లు, రాత్రి ఎన్నిసార్లు మెలకువ, ఏ రోజు తలనొప్పి. రోజుకు తొమ్మిది పది తేలాయి. డాక్టర్ ఆ పేజీలన్నీ చదివారు. తర్వాత ప్రశ్నలు. కాళ్లలో గానీ ఊపిరితిత్తుల్లో గానీ ఎప్పుడైనా రక్తం గడ్డకట్టిందా? బీపీ ఎంత? లివర్ జబ్బు ఏమైనా ఉందా? నెలసరి ఆగాక మళ్లీ ఎప్పుడైనా రక్తం కనిపించిందా? ఈ చివరిది ఎవరికైనా చెబుతాను: ఏడాది ఆగాక ఒక్క చుక్క కనిపించినా చూపించుకోవాల్సిందే. మా వదిన సంగతి చెప్పాను. "ఆవిడ మీకు రక్తసంబంధం కాదు కదా. అమ్మ వైపు, నాన్న వైపు ఎవరికైనా ఉందా?" అన్నారు. లేదు. ఇన్నేళ్లూ ఆ తేడా నాకు తోచనేలేదు.

"అయినా భయంగానే ఉంది మేడమ్" అన్నాను. నేను లెక్కల టీచర్నని అప్పటికే చెప్పి ఉన్నాను. ఆవిడ కాగితం తీసుకున్నారు. ఈ భయానికంతా మూలం ఈ హార్మోన్ మందులను ఆడవాళ్లకు ఇచ్చి చూస్తూ, 2002లో అమెరికాలో మధ్యలోనే ఆపేసిన పెద్ద పరీక్ష అన్నారు. అందులో ఈస్ట్రోజన్‌తో పాటు ప్రొజెస్టిన్ (ప్రొజెస్టరాన్ అనే ఇంకో ఆడ హార్మోన్‌లా పనిచేసే మందు) మాత్ర వాడినవాళ్లలో రొమ్ము క్యాన్సర్ 26 శాతం పెరిగిందని వార్తలు వచ్చాయి. ఆవిడ కాగితం మీద రెండు భిన్నాలు రాశారు. మందు వాడనివాళ్లలో ఏడాదికి 10,000 మందిలో 30 మంది. వాడినవాళ్లలో 10,000 మందిలో 38 మంది.

ఆ కాగితం వైపు చాలాసేపు చూశాను. 26 శాతం అబద్ధం కాదు. కానీ దాని కింద హారం ఏమిటో నేను ఒక్కసారి కూడా అడగలేదు. పిల్లలకు శాతం చెప్పిన ప్రతిసారీ "దేనిలో శాతం?" అని అడిగించే నేను, నా ఒంటి విషయంలో ఆ ప్రశ్నే వేయలేదు.

ఆ ఎనిమిది మందిని ఆవిడ తేలిగ్గా కొట్టిపారేయలేదు. అందుకే ఆవిడ మీద నాకు గురి కుదిరింది. రెండు హార్మోన్లూ కలిపి ఏళ్ల తరబడి వాడేకొద్దీ ఆ ముప్పు మెల్లగా పెరుగుతుందని, మాత్రల రూపంలో ఈస్ట్రోజన్ తీసుకుంటే రక్తం గడ్డకట్టే ముప్పు ఎక్కువని, చర్మం మీద అంటించే ప్యాచ్‌తో గానీ రాసుకునే జెల్‌తో గానీ ఆ ముప్పు అలా పెరిగినట్టు కనబడలేదని చెప్పారు. ఆ 2002 పరీక్షలో పాల్గొన్నవాళ్ల సగటు వయసు 63. చాలామందికి నెలసరి ఆగి ఎన్నో ఏళ్లయింది. 60 లోపు, లేదా ఆగిన పదేళ్లలోపు మొదలుపెట్టేవాళ్లలో, వేరే అడ్డంకులు లేకపోతే, సాధారణంగా లాభమే ఎక్కువ. ఎముకలు విరిగే ముప్పూ తగ్గుతుంది. గర్భసంచి ఉన్నవాళ్లు ఈస్ట్రోజన్ ఒక్కటే వాడకూడదు. లోపలి పొర పెరిగి అక్కడ క్యాన్సర్‌కు దారితీయవచ్చు, అందుకే తోడుగా ప్రొజెస్టరాన్.

హార్మోన్లు వద్దనుకుంటే ఏముందో కూడా చెప్పారు. డిప్రెషన్‌కు వాడే కొన్ని మందులు తక్కువ డోసులో ఆవిర్లను తగ్గిస్తాయి. గాబాపెంటిన్ అనే మందు రాత్రి చెమటలకు పనికొస్తుంది. ఫెజోలినెటాంట్ అని, నేరుగా మెదడులోని ఆ నాడీకణాల మీదే పనిచేసే కొత్త మందుకు 2023లో అమెరికాలో అనుమతి వచ్చింది, కానీ లివర్ పరీక్షలు చేయించుకుంటూ ఉండాలి. సీబీటీ అనే కౌన్సెలింగ్ పద్ధతి కూడా ఉంది. ఆవిర్లు వచ్చినా అంతగా బెంబేలెత్తకుండా ఉండటానికి, నిద్రకు అది బాగా ఉపయోగపడుతుంది.

వెంటనే సరే అనలేదు. మూడు వారాలు తీసుకున్నాను. మామోగ్రామ్, అంటే రొమ్ము ఎక్స్‌రే, తీయించుకున్నాను, బాగానే ఉంది. ఆ మూడు వారాల్లో ఎక్కువ మాట్లాడింది వదినతోనే. హార్మోన్లు వాడబోతున్నానని ఆమెకు చెప్పడం తప్పు చేస్తున్నట్టనిపించింది. ఆమె మాత్రం, "నాకు కుదరదు కాబట్టి నువ్వూ ఏడుస్తూ కూర్చోవాలా? డాక్టర్ సరేనంటే వాడు" అంది. అప్పుడే బయటపడింది, ఆమెకు నాకంటే ఎక్కువ ఆవిర్లట. క్యాన్సర్ తిరగబెట్టకుండా వేసుకునే టామోక్సిఫెన్ వల్ల. ప్రాణం దక్కింది చాలు, దీనికి కూడా ఫిర్యాదా అని ఎవరికీ చెప్పుకోలేదట. ఆమెను వాళ్ల డాక్టర్ దగ్గరికి నేనే తీసుకెళ్లాను. డిప్రెషన్‌కు వాడే మందుల్లో ఒకటైన వెన్లాఫాక్సిన్ రాశారు. ఆవిర్లకు పనికొచ్చే పారోక్సెటిన్ అనే ఇంకో మందు ఉంది కానీ, అది టామోక్సిఫెన్ పనిని దెబ్బతీస్తుంది కాబట్టి ఆమెకు వద్దన్నారు. ఎవరికో పనిచేసిన మాత్ర అడిగి తెచ్చుకుని వేసుకోకూడదని ఆ రోజు బాగా అర్థమైంది.

నేను ప్యాచ్ ఎంచుకున్నాను. వారానికి రెండుసార్లు, నడుం కిందుగా, చోటు మారుస్తూ అంటించుకోవాలి. ప్రొజెస్టరాన్ 100 మిల్లీగ్రాములు, పడుకునేముందు. దానికి కాస్త మత్తుగా ఉంటుంది, నాకది వరమైంది. మొదటి నెలలో రొమ్ములు సలిపాయి. ఐదో వారంలో కొద్దిగా రక్తం కనిపించేసరికి ప్రాణం పోయినంత పనైంది. మందు మొదలుపెట్టిన తొలి మూడు నుంచి ఆరు నెలల్లో అలా కావచ్చని, ఆ తర్వాతా ఉంటే, ఎక్కువగా పోతే పరీక్ష చేయాలని డాక్టర్ చెప్పారు. మూడో నెలకల్లా ఆగిపోయింది.

ఎనిమిదో వారం నోట్‌బుక్‌లో రోజుకు రెండు ఆవిర్లు అని ఉంది. అంతకంటే ముందే, ఒక తెల్లవారుజామున మెలకువ వచ్చి చూస్తే స్టూలు మీద నైటీ పెట్టింది పెట్టినట్టే ఉంది. వరసగా నాలుగు రాత్రులు దాన్ని ముట్టుకోలేదు. ఆయన్ని లేపి చూపించాను. నిద్రకళ్లతోనే నవ్వి నా చేయి పట్టుకున్నారు.

అన్నీ పోలేదు. ఉదయం వేళ్ల కీళ్లు ఇంకా పట్టేస్తాయి. యోని పొడిబారడానికి ప్యాచ్ చాలలేదు. అది చెప్పుకోవడానికి నాకు ఇంకో రెండు నెలలు పట్టింది. తీరా చెబితే అక్కడే రాసుకునే తక్కువ డోసు ఈస్ట్రోజన్ క్రీమ్ ఇచ్చారు. తరచూ వచ్చే యూరిన్ ఇన్ఫెక్షన్లూ దాంతో తగ్గాయి. సిగ్గుతో ఆ రెండు నెలలు ఊరికే బాధపడ్డాను. మాటలు మాత్రం తిరిగొచ్చాయి. మందు వల్లా, నిద్ర వల్లా అని అడిగితే, నిద్ర పాత్ర పెద్దదే అయి ఉంటుందన్నారు డాక్టర్.

ఏడాదిన్నర అయింది. ఏటా చేసే చెకప్ వచ్చే వారం ఉంది. మామోగ్రామ్ రిపోర్టు ఫైల్లో పెట్టుకున్నాను. డోసు తగ్గించి చూడొచ్చా, ఎన్నేళ్లు వాడటం మంచిది అని అడగాల్సినవి నోట్‌బుక్‌లో రాసుకున్నాను. దాని కింద వదిన తన చేతిరాతతో ఒక ప్రశ్న రాసింది. రాత్రి చెమటలు ఆమెకు ఇంకా పూర్తిగా తగ్గలేదు. ఈసారి ఇద్దరం కలిసే వెళ్తున్నాం.