ట్యాంకు కింది ఇళ్లు

ఆదివారం, రాత్రి పది కావస్తోంది.

ఆరింటిదాకా పడుకుందామనుకున్నాను. ఐదింటికే పై మెట్ల మీద బిందెల మోత. పై వరుసవాళ్లు కిందికి దిగుతున్నారంటే, మళ్లీ వాళ్లకి నీళ్లు రాలేదన్నమాటే. లేచి మా కుళాయి తిప్పితే పెన్సిలంత ధార. బిందె నిండేసరికి కాఫీ చల్లారిపోయింది. ఈరోజు చేపలు తెద్దామనుకున్న మా ఆయన, కడగడానికి నీళ్లెక్కడివని నేను అడగ్గానే సంచి మడిచి పెట్టేశారు. కోడిగుడ్ల పులుసుతో సరిపెట్టుకున్నాం.

మాది ఆరిలోవ వైపు కొండవాలు. ముడసర్లోవ రిజర్వాయరు ఇక్కడికి దగ్గరే. చెరువు పక్కన ఉండి నీళ్లకి కొట్టుకుంటారేంటని మా మేనమామ వచ్చినప్పుడల్లా ఎత్తిపొడుస్తాడు. ముడసర్లోవ ఒక్కటే ఊరికి సరిపోయే రోజులు ఎప్పుడో పోయాయి. ఇప్పుడు విశాఖ తాగేది తాటిపూడి, రైవాడ, మేఘాద్రిగెడ్డ, ఏలేరు కాలువ నీళ్లు కూడా. ఏ నీళ్లయినా కొండ మాత్రం వాటంతటవి ఎక్కవు. అందుకే మా కాలనీవాళ్లు చందాలేసుకుని బోరు వేయించారు. బోరు కింద రోడ్డు పక్కన, ట్యాంకు కొండ మీద నాలుగో వరుస పక్కన. ఇంటికి నెలకి 150 రూపాయలు.

ట్యాంకు పక్కనే ఉన్నవాళ్లకి నీళ్లు రాకపోవడమేంటని కొత్తలో నాకూ వింతగానే ఉండేది. ట్యాంకు నిండుతున్న చప్పుడు వాళ్లకి పడుకున్నా వినబడుతుంది. కానీ వాళ్ల కుళాయిలు ట్యాంకుకి రెండు నిలువుల కింద కూడా ఉండవు, అందుకని ప్రెజరు ఉండదు. కింద రోడ్డు మీది ఇళ్లకి బోలెడు ఎత్తు నుంచి దిగుతుంది కాబట్టి ధార జోరుగా వస్తుంది. కిందవాళ్లు కుళాయిలు విప్పారంటే పైపులో నీళ్లన్నీ వాళ్ల వైపే జారిపోతాయి. పైగా ఇద్దరు ముగ్గురు లైనుకే మోటారు తగిలించారు (ఎవరో అందరికీ తెలుసు, మీటింగులో మాత్రం ఎవరికీ తెలియదు). దీనికి మందు ఒక్కటే, కింది వాల్వు కట్టేసి పైవాళ్లకి ముందు వదలడం. వాల్వు తాళం ఉండేది మొదటి వరుసలో.

పదింటికి రామకోవెల అరుగు మీద నీళ్ల కమిటీ మీటింగు. రెండేళ్లకోసారి కొత్త కమిటీ వేస్తారు. మాస్టారు జాబితా చదివారు, ఏడుగురు. నా పేరూ ఉంది. లెక్కలు రాస్తాను కాబట్టి నన్ను తీయరు.

జాబితాలో వంక పెట్టడానికేమీ లేనట్టే ఉంది. ఆడవాళ్లు ముగ్గురు, అన్ని కులాలవాళ్లూ ఉన్నారు, ఓ కుర్రాడు కూడా. ఈ ఒక్క విషయంలో మాస్టార్ని మెచ్చుకోవాలి, ఎవరూ నొచ్చుకోకుండా పేర్లు ఏరడం ఆయనకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. కానీ నేను పక్కన పెన్సిలుతో వరుసలు వేసుకుంటే, ఐదుగురు కింది రెండు వరుసలవాళ్లు, మా మూడో వరుస నుంచి నేను, పై వరుస నుంచి ఒకాయన. ఆ ఒకాయన ఇల్లు అక్కడ ఉందన్న మాట నిజమే. ఆయన కాపురం ఎంవీపీ కాలనీలో. నెల మొదట్లో అద్దె వసూలుకి వచ్చి పోతాడు, ఏనాడూ ఆ కుళాయి కింద బిందె పెట్టి ఎరగడు.

నాకు నాన్న గుర్తొచ్చారు. విజయనగరం వైపు ఓ కాలువ శివారున మాకు ఎకరా ఇరవై సెంట్లు ఉండేది. 1997లో నీటి సంఘాల చట్టం వచ్చి ఆ ఏడే ఎన్నికలు పెట్టారు. ఆయకట్టుని ముక్కలుగా విడదీసి, ముక్కకో మెంబర్ని ఎన్నుకోవాలి. టీసీ మెంబరు అనేవారు. తూము దగ్గరి రైతులే అన్నీ చేజిక్కించుకోకుండా శివారు రైతుకీ ఓ నోరుండాలని ఆ ఏర్పాటు. నాన్న ఎంత సంబరపడ్డారో! తీరా శివారు ముక్కకి ఏకగ్రీవం చేసింది ఎవర్నంటే, శివారులో అరెకరం, తూము కింద ఆరెకరాలు ఉన్న ఆసామిని. ఆయనకి నీళ్లు ఎప్పుడూ అందేవి, కాబట్టి ఎప్పుడూ అడగలేదు. చట్టంలో ఇంకో మంచి మాట కూడా ఉంది. రికార్డుల్లో కౌలుదారుగా పేరుంటే, ఆ భూమికి ఓటు కౌలుదారుదే, సొంతదారుది కాదు. రికార్డుల్లోకి ఎక్కిన కౌలుదారు మా వైపు ఎంతమంది ఉండేవారంటే నవ్వొస్తుంది. అయినా చట్టం రాసినవాళ్లకి తట్టింది మా రామకోవెల అరుగు మీద ఎవరికీ తట్టలేదు.

"మాస్టారూ, పై వరుసకి అక్కడ ఉంటున్నవాళ్లని వెయ్యండి. అద్దెకున్నా సరే," అన్నాను.

"అద్దెవాళ్లు ఇవాళ ఉంటారు, రేపు పోతారు తల్లీ. అయినా కింద 58 ఇళ్లు, పైన 14. లెక్కన చూస్తే వాళ్లకి ఒకటి ఇవ్వడమే ఎక్కువ."

ఆ లెక్క తప్పని చెప్పలేను. ఇంటికో ఓటంటే కిందవాళ్లదే కమిటీ. కానీ మా లైనుకి ఉన్నవి మూడు వాల్వులు. కింది రెండు వరుసలకి కలిపి ఒకటి, మాకొకటి, పైవాళ్లకొకటి. గొడవంతా ఏ వాల్వు ముందు తిప్పాలన్న దగ్గరే అయినప్పుడు, తలలు లెక్కపెట్టి లాభమేముంది, వాల్వుకి ఇద్దరేసి కూర్చోవాలి. అదే అన్నాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒకాయన బోరు మోటారు రిపేరు బిల్లు సంగతి ఎత్తాడు.

పక్కన పెట్టేస్తారనుకున్నాను గానీ, మాస్టారు మళ్లీ ఆయనే, "సరే, ఎవరున్నారు చెప్పు" అన్నారు. తొమ్మిదేళ్లుగా పైన అద్దెకుంటున్న ఆవిడ పేరు చెప్పాను. ఆవిడ మీటింగులో లేదు. పిలుచుకొస్తానని మెట్లెక్కాను. రెండేళ్లు కమిటీలో ఉండి, నీళ్ల సంగతి కనుక్కోవడానికి పై వరుసకి వెళ్లడం ఇదే మొదటిసారి. ఇది రాయడానికి సిగ్గేస్తోంది, కానీ రాయాలి. నేను సంతకం పెట్టిన తీర్మానాల్లో పైకి రోజుకి ఎంతసేపు వస్తున్నాయన్న ప్రశ్న ఒక్కసారీ లేదు.

ఇంటికి తాళం. పక్కింటి మామ్మ, "పన్లోకెల్లింది, ఒంటిగంటకొస్తాది" అంది.

మధ్యాహ్నం వచ్చాక ఆవిడే మా ఇంటికి దిగింది. సంగతి చెబితే ముందు నవ్వింది.

"అప్పా, ఆదారం పదింటికి నానింటికాడుంటానేటి? నాలుగిళ్లు చేసుకోవాల. ఆ రోజు మానేస్తే ఆలు ఊరుకుంటారా? రాత్రి పెట్టండి మీటింగు, వొస్తాను. వొచ్చి ఊరికే కూకోను, ఆ తాళం నాకియ్యాల."

మా ఆడపడుచు వాళ్ల ఊళ్లో జలజీవన్ (ఇంటింటికీ కుళాయి పథకం) కమిటీలో మెంబరు. అక్కడ సగం మంది ఆడవాళ్లు, పావు వంతు బలహీనవర్గాలవాళ్లు ఉండాలని మార్గదర్శకాల్లోనే రాశారు. మీటింగు ఎన్నింటికి పెడతారని ఫోన్ చేసి అడిగాను. "పదకొండింటికి, పంచాయతీ ఆఫీసులో" అంది. వరినాట్లప్పుడు ఎంతమంది వస్తారని అడిగితే, సంతకాలు ఇంటికొచ్చి పెట్టించుకుంటారట.

సాయంత్రం మాస్టారింటికి వెళ్లి రాత్రి మీటింగు సంగతి చెప్పాను. టీ ఇచ్చారు. ఎంవీపీ కాలనీ ఆయన పేరు కొట్టేశారు, కానీ ఆ చోట ఇంకా ఎవరి పేరూ రాయలేదు. బుధవారం రాత్రి ఎనిమిదిన్నరకి పెడదాం అన్నారు. "తాళం సంగతి మాత్రం అందరూ ఒప్పుకోరమ్మా," అని గేటు దాకా వచ్చి మరీ చెప్పారు. కిందవాళ్లలో ఇద్దరు అప్పుడే ఆయనకి ఫోన్ చేశారట.

ఆవిడ అడగబోయేది నాకు ముందే చెప్పింది. ఐదింటికి పై వాల్వు ఒక్కటే నలభై నిమిషాలు తిప్పాలి, తర్వాతే మిగతావి. న్యాయమే. అంటే మా వరుసకి ఐదూ నలభైకి. ఆ సంగతి మా ఆయనకి ఇంకా చెప్పలేదు. ఆయన స్నానం ఐదుంపావుకి.