‘ఎట్ట పండుకోవాల అక్కా?’

కోవూరులో ఉండే మా పిన్ని కూతురికి ఇప్పుడు ఏడో నెల. పోయిన ఆదివారం గాజులు తొడిగించుకొని, వచ్చిన చుట్టాలందరూ వెళ్ళిపోయిన తరువాత నా పక్కన చేరి, గొంతు తగ్గించి ఒక మాట అడిగింది: “అక్కా, ముక్కేటప్పుడు ఎట్ట పండుకోవాల?” తొలి కాన్పు భయంలో ఉన్న పిల్ల అడిగిన ప్రశ్న అది. అయితే ఆ ప్రశ్నలో ‘పండుకోవాల’ అన్న మాట దగ్గర నా మనసు ఆగిపోయింది. బిడ్డను కనాలంటే బల్ల మీద వెల్లకిలా పడుకొని తీరాలని, మిగిలిన సందేహాలన్నీ ఆ తరువాతవేనని ఆ పిల్ల అప్పటికే ఒప్పేసుకొంది. ఆరేళ్ళ కిందట నేనూ సరిగ్గా అలాగే ఒప్పుకొన్నాను. అందుకే ఆమెకు ఆ సాయంత్రం చెప్పినదంతా ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

నా తొలి కాన్పు నెల్లూరులో ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లో జరిగింది. తెల్లవారుజామున ఉమ్మనీరు పోయింది, మధ్యాహ్నానికి గర్భాశయ ముఖద్వారం పూర్తిగా, అంటే పది సెంటీమీటర్లు తెరుచుకొందని చెప్పారు. అప్పటిదాకా గదిలో అటూ ఇటూ తిరుగుతూ, నొప్పి వచ్చినప్పుడల్లా కిటికీ చువ్వలు పట్టుకొని వంగి నిలబడుతూ నెట్టుకొచ్చిన నన్ను కాన్పు బల్ల ఎక్కించి, రెండు కాళ్ళూ ఎత్తి ఇనుప కడ్డీలకు ఆనించి పట్టీలు వేశారు. ఆ క్షణం నుంచి నాకు కనిపించినవి పైన ట్యూబులైటు, దాని పక్కన ఆగిపోయిన ఫ్యాను మాత్రమే. నొప్పి వచ్చిన ప్రతిసారీ నా నడుము తనంతట తానే ఒక పక్కకు తిరగబోయేది. ఒకసారి మోకాళ్ళ మీదికి లేవబోతే, కదిలితే బిడ్డకు ప్రమాదమని గట్టిగా కసిరారు. ఊపిరి బిగబట్టి పదిదాకా లెక్కపెడుతూ ముక్కమన్నారు. చివరికి ఒక ఆయా వచ్చి పొట్ట పైభాగాన్ని రెండు చేతులతో కిందికి నొక్కింది. రెండున్నర గంటల తరువాత, యోనిద్వారం దగ్గర కోత పెట్టి బిడ్డను తీశారు. బిడ్డ క్షేమంగా పుట్టింది, అందుకు నేను ఈనాటికీ కృతజ్ఞురాలిని. కానీ కుట్లు మానేదాకా నెలరోజుల పాటు కూర్చోవడానికి పడిన అవస్థ కన్నా, ‘నీకు ఎలా ఉంటే వీలుగా ఉంటుందమ్మా?’ అని ఆ గదిలో ఒక్కరూ అడగలేదన్న సంగతే నన్ను ఎక్కువ కాలం బాధ పెట్టింది.

వెల్లకిలా పడుకోవడంలో ఉన్న ఇబ్బంది ఏమిటో నాకు తరువాత చదివితే గాని అర్థం కాలేదు. బిడ్డ బయటికి వచ్చే దారి నిటారుగా ఉండే గొట్టం కాదు. అది కటి ఎముకల మధ్య నుంచి దిగి, చివరలో ముందువైపుకు వంపు తిరుగుతుంది. వెన్ను బల్లకు ఆనించి పడుకొన్నప్పుడు ఆ చివరి వంపు పైకి, ఇంటి కప్పువైపుకు చూస్తుంది కాబట్టి బిడ్డ తల ఎదురెక్కవలసి వస్తుంది. అదీగాక, తల దిగేటప్పుడు వెన్ను అడుగున ఉండే తోక ఎముక కొంచెం వెనక్కి జరిగి చోటు ఇవ్వాలి, మన బరువంతా దాని మీదే మోపితే అది జరిగే వీలు తగ్గుతుంది. ఇంకొకటి కూడా ఉంది: నిండు గర్భం బరువు గుండెకు రక్తాన్ని తీసుకుపోయే పెద్ద సిర మీద పడుతుంది, దానివల్ల కొందరికి రక్తపోటు పడిపోయి కళ్ళు తిరుగుతాయి, బిడ్డకు అందే రక్తమూ తగ్గుతుంది. ఏడో నెల దాటాక పక్కకు తిరిగి పడుకోమని ప్రతి డాక్టరూ చెబుతారే, అందుకు కారణం కూడా ఇదే.

17వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లో ఫ్రాన్స్వా మోరిసో అనే వైద్యుడు కాన్పు పీటకు బదులు మంచం మీద పడుకోబెట్టడాన్ని సమర్థించాడు. ఆ తరువాత పట్టుకారుల వంటి పరికరాలతో బిడ్డను తీసే పద్ధతి పెరిగేకొద్దీ, వైద్యుడికి కనిపించడానికి, చేతులు ఆడించడానికి అనువుగా ఉండే ఆ భంగిమే ఆసుపత్రులలో స్థిరపడింది. పరికరం వాడవలసి వచ్చినప్పుడు అది అవసరమే. ఏ పరికరమూ అక్కరలేని కాన్పుకు కూడా దానినే నియమం చేయడం మాత్రం నాకు న్యాయంగా తోచదు.

మా జేజి తన కాన్పుల గురించి మాట్లాడేటప్పుడు పడుకోవడం అన్న మాటే వచ్చేది కాదు. ఇంటి దూలానికి చేంతాడు కట్టి, దానిని రెండు చేతులతో పట్టుకొని, గోనెపట్టా మీద మోకాళ్ళూని ఉండేదట. వెనక నుంచి వాళ్ళ అత్త చంకల కింద చేతులు పెట్టి ఆనుకోనిచ్చేదట. మంత్రసాని ఎదురుగా కూర్చొని ఉండేదట. “ఎల్లకిలా పండుకుంటే బిడ్డ కొండెక్కినట్టు ఎక్కాల గదమ్మే!” అని, ఏ పుస్తకమూ చదవని మా జేజి నాతో అంది. అయితే ఆమె కన్న ఏడుగురిలో ఇద్దరు పురిట్లోనే పోయారు. ఆమె సొంత చెల్లెలు మాయ పడక, రక్తం ఆగక, నెల్లూరు చేరేలోపు ఎద్దుల బండిలోనే ప్రాణం విడిచింది. కనుక పాతకాలమే మంచిదని నేను అనడం లేదు, ఇంటి కాన్పు నేను కోరను, ఎవరికీ చెప్పను. ఆసుపత్రి ఇచ్చే భద్రత ఉండాలి, దానితో పాటు జేజికి దొరికిన ఆ కదిలే స్వేచ్ఛా ఉండాలి. ఈ రెండింటికీ పొత్తు కుదరదని మనం ఎందుకు అనుకోవాలి?

రెండోసారి కడుపుతో ఉన్నప్పుడు ఈ ప్రశ్న పట్టుకొనే వెతికాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో కాన్పు సంరక్షణపై ఇచ్చిన సిఫారసులలో, నిటారు భంగిమలతో సహా స్త్రీ తనకు నచ్చిన భంగిమను ఎంచుకొనేలా ప్రోత్సహించాలని స్పష్టంగా ఉంది. ముక్కాలన్న తోపు శరీరానికి కలిగినప్పుడు దాని ప్రకారమే ముక్కనివ్వాలని, పొట్ట నొక్కడం పనికిరాదని, కోతను అందరికీ అలవాటుగా పెట్టకూడదని కూడా అందులోనే ఉంది. నాకు జరిగినవి ఒక్కొక్కటిగా ఆ పట్టికలో చదువుతుంటే చాలాసేపు మాట రాలేదు. మన దేశంలో కూడా ప్రభుత్వ ఆసుపత్రుల కాన్పు గదిలోకి ఒక తోడు మనిషిని అనుమతించాలని కేంద్ర ఆరోగ్య శాఖ 2016లో నిర్ణయించింది, కాన్పు గదుల నాణ్యత కోసం 2017లో లక్ష్య కార్యక్రమం మొదలయింది. ఈ సంగతులు తెలిశాక మా ఆయనతో మాట్లాడి, రెండో కాన్పుకు ప్రభుత్వ ఆసుపత్రికే వెళ్ళాలని నిర్ణయించుకొన్నాను.

అక్కడ ఆరో నెల పరీక్షలో, కాన్పులు చేసే నర్సమ్మను నేరుగా అడిగాను. ఆమె నా మాటకు విసుక్కోలేదు, ఆశ్చర్యపోలేదు. “మీరు కూర్చున్నా, పక్కకు తిరిగి ఉన్నా తల వస్తుంటే నేను పట్టుకోగలను. బిడ్డ గుండె చప్పుడు మాత్రం నాకు ఎప్పటికప్పుడు వినపడాల. అది తగ్గిందంటే నేను చెప్పినట్టు వినాల” అంది. ముక్కే దశలో అయిదు నిమిషాలకొకసారి డాప్లర్ అనే చిన్న యంత్రం పొట్ట మీద పెట్టి వింటారని ఆమె చెప్పగానే నాకు సగం భయం తీరింది.

ఆ రోజు నుంచి గొంతుక్కూర్చోవడం సాధన చేశాను. మా అమ్మ ఈనాటికీ కత్తిపీట ముందర గంటసేపు గొంతుక్కూర్చొని చేపలు తోమగలదు. గ్యాస్ పొయ్యి గట్టు దగ్గర నిలబడి వంట చేసే నాకు, కమోడ్ తప్ప వేరే ఎరగని నాకు, రెండు నిమిషాలకే తొడలు వణికాయి. మడమలు నేలకు ఆనేవి కావు. మడమల కింద మడిచిన దుప్పటి పెట్టుకొని, కిటికీ చువ్వలు పట్టుకొని, రోజూ కొంచెం కొంచెంగా అలవాటు చేసుకొన్నాను. తొమ్మిదో నెలకు అయిదు నిమిషాలు ఉండగలిగాను. ఇక కాన్పు కూడా ఇలాగే అవుతుందని మనసులో గట్టిగా అనుకొన్నాను.

కానీ ఆ రోజు వచ్చాక నా ఒళ్ళు వేరే దారి చూపింది. ముక్కాలనిపించే దశ మొదలవగానే, అనుకొన్నట్టే బల్ల పక్కన గొంతుక్కూర్చొన్నాను, అమ్మ వెనక స్టూలు మీద కూర్చొని నన్ను తన మోకాళ్ళకు ఆనించుకొంది. రెండు నొప్పులకే కిందికి తోపు ఎంత ఉధృతంగా వచ్చిందంటే, ఊపిరి అందక, కాళ్ళు నిలవక భయపడిపోయాను. మూడు నెలలు సాధన చేసిన భంగిమ నాకు పనికిరాలేదు! నర్సమ్మ నన్ను బల్ల మీదికి తీసుకొని, పసిబిడ్డ పాకినట్టు చేతులు, మోకాళ్ళ మీద వంగమంది. ఆశ్చర్యమేమిటంటే, పొద్దుటి నుంచి నడుము కింద రాయి పెట్టినట్టున్న నొప్పి ఆ భంగిమలో ఒక్కసారిగా తేలికయింది. బిడ్డ ముఖం మన పొట్టవైపు తిరిగి ఉన్నప్పుడు ఆ నడుము నొప్పి ఎక్కువగా ఉంటుందని, అప్పుడు ఇలా వంగితే చాలామందికి హాయిగా ఉంటుందని ఆమె తరువాత చెప్పింది. నాలుగైదు నొప్పుల తరువాత నా మణికట్లు లాగేశాయి. అప్పుడు ఎవరూ చెప్పకుండానే ఎడమ పక్కకు ఒరిగిపోయాను. అమ్మ నా కుడి కాలిని మోకాలి కింద చేయి వేసి ఎత్తి పట్టుకొంది. రెండు నొప్పుల మధ్య ఉన్న ఆ కాస్త విరామంలో నాకు నిద్ర కూడా పట్టింది.

తల కనిపించినప్పుడు నర్సమ్మ నా చేయి తీసుకొని కిందికి తెచ్చి తాకించింది. తడిగా, మెత్తగా, ముడుతలు పడిన వెచ్చటి చర్మం, దాని మీద అతుక్కొన్న జుట్టు. ఆ ఒక్క స్పర్శతో నా భయమంతా దిగిపోయింది. “ఇంక ముక్కొద్దమ్మా, వేడి పాలు ఊదినట్టు ఊదు, ఊదు” అని ఆమె అంటుంటే, అమ్మ కూడా నాతో పాటు ఊదుతూ ఉండిపోయింది. తల నెమ్మదిగా, చర్మం సాగడానికి సమయం ఇస్తూ వచ్చింది. కోత పెట్టలేదు, చిన్న చిరుగుకు రెండు కుట్లు పడ్డాయి. మలి కాన్పు సహజంగానే తొందరగా అవుతుంది కాబట్టి, ఈ తేడా అంతా భంగిమ వల్లనే అని నేను చెప్పను. అయితే ఆ గదిలో నేను ఒక మనిషిగా ఉన్నానని మాత్రం చెప్పగలను.

అధ్యయనాలు కూడా అన్నీ ఒకే వైపు మొగ్గడం లేదు, అది దాచకూడదు. ఎపిడ్యూరల్, అంటే నొప్పి తెలియకుండా వెన్నులో ఇచ్చే మందు, తీసుకోని స్త్రీల మీద జరిగిన 30 అధ్యయనాలను, అంటే సుమారు 9,000 మందిని కలిపి, వైద్య పరిశోధనలను బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2017లో చేసిన సమీక్షలో, నిటారు భంగిమలలో పరికరాలతో తీసే కాన్పులు, కోతలు, బిడ్డ గుండె లయ తప్పడం తగ్గినట్టు కనిపించింది. కానీ చిరుగులు కొంత పెరగవచ్చని, అర లీటరుకు మించి రక్తం పోయే అవకాశం కూడా పెరగవచ్చని అదే సమీక్ష చెప్పింది. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో సగానికి పైగా స్త్రీలకు రక్తహీనత ఉంది గనుక, ఈ రెండో సంగతిని మనం తేలిగ్గా తీసుకోకూడదు. హిమోగ్లోబిన్ తక్కువగా ఉన్నవాళ్ళు భంగిమ గురించి అడిగేటప్పుడు ఈ మాట కూడా తప్పక అడగాలి. ఎపిడ్యూరల్ తీసుకొన్న తొలి కాన్పు స్త్రీల విషయంలో ఫలితం మరోలా వచ్చింది: బ్రిటన్‌లో 3,236 మందితో చేసిన అధ్యయనంలో నిటారుగా ఉన్నవాళ్ళలో 35.2 శాతం మంది, పక్కకు తిరిగి పడుకొన్నవాళ్ళలో 41.1 శాతం మంది పరికరాల సాయం లేకుండా కన్నారు. అందుకే అందరికీ ఒకే భంగిమ చెప్పేవాళ్ళను, అది గొంతుక్కూర్చోవడమే అయినా సరే, నేను నమ్మను.

కొన్నిసార్లు ఎంపికే ఉండదు. బిడ్డ గుండె చప్పుడు పడిపోతున్నా, రక్తం ఎక్కువ పోతున్నా, వాక్యూమ్ పెట్టి తీయవలసి వచ్చినా డాక్టరు వెల్లకిలా పడుకోమంటే వెంటనే పడుకోవాలి. అప్పుడు కూడా తలవైపు బల్లను ఎత్తి ఉంచమని అడగవచ్చు.

మా చెల్లెలు ఇదంతా విని, చాప పరచుకొని ఒక్కొక్కటీ చేసి చూసింది. గొంతుక్కూర్చోవడం నాకన్నా బాగా వచ్చింది. మంచం పట్టె పట్టుకొని మోకాళ్ళ మీద నిలబడి చూసింది. చివరికి ఎడమ పక్కకు తిరిగి, మోకాళ్ళ మధ్య దిండు పెట్టుకొని, “ఇట్ట బాగుండాదక్కా” అంది. అది ఇవాళ్టి సంగతి అని, ఆ రోజు మరొకటి బాగుండవచ్చని, అప్పుడు మారాలనిపిస్తే మొహమాటపడకుండా మారమని చెప్పాను. పిన్నిని కాన్పు గదిలోకి రానిస్తారో లేదో ముందే కనుక్కోమన్నాను. సోమవారం చెకప్‌కు పోయినప్పుడు తానే అడుగుతానంది. ఎలా అడగాలో తెలియక, ఆ మాటను నా ముందర రెండుసార్లు పలికి చూసుకొంది: “మేడమ్, ముక్కేటప్పుడు నేను నాకు వీలుగా ఉన్నట్టు తిరగొచ్చా?”