40 డబ్బాలు, 30 శాతం, నేను

శనివారం చేతికొచ్చిన చీటీ ఇంకా నా పర్సులోనే ఉంది. చింపేద్దామని రెండుసార్లు బయటికి తీసి, మళ్ళీ మడిచి లోపల పెట్టేశాను. ఇంట్లో బిస్కెట్లు కాల్చి, డబ్బాల్లో పెట్టి అమ్ముతుంటాను. మొదటిసారి ఒక దుకాణంలో 40 డబ్బాలు పెట్టాను. నా లెక్క ప్రకారం 3,600 రావాలి. చీటీ మీద 2,653.56 అని ఉంది. తొమ్మిది వందల పైచిలుకు ఎగిరిపోయింది సరే, చివర ఆ 56 చూస్తేనే ఒళ్ళు మండింది. అంత నిక్కచ్చిగా లెక్క కట్టారట!

ఒక మాట ముందే చెప్పాలి. నేను లెక్కల్లో మొద్దును కాను. బళ్ళో లాభనష్టాల పాఠం మొత్తం నా నోటుబుక్కు చూసే క్లాసులో సగం మంది దించుకునేవాళ్ళు. కొన్నవెల, అమ్మినవెల, లాభశాతం నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. ఆ ధీమానే నా కొంప ముంచింది.

సరుకుల ఖర్చు కట్టడం తేలికే. ఎంత కొన్నాం, అందులో ఎంత వాడాం, ఆ వంతు ధర ఎంత, అంతే. ఒక వాయికి పిండి, చక్కెర, వెన్న అన్నీ కలిపి 480 అయింది. (ఖర్చులు కాస్త గుండ్రం చేసి రాస్తున్నాను. మీ డబ్బు ఏదైనా దారి ఇదే.)

తర్వాతది మాత్రం నా అంతట నేనే పట్టుకున్నాను, కాబట్టి కొంచెం గొప్ప చెప్పుకుంటాను. కలిపిన ముద్ద తూకం 2,400 గ్రాములు. డబ్బాకి 250 గ్రాములు. అంటే 9.6 డబ్బాలు, డబ్బాకి సరుకు ఖర్చు 50 అని మొదట రాసుకున్నాను. కానీ ఎప్పుడు చూసినా తొమ్మిదో డబ్బా నిండేది కాదు. ఇంట్లో ఎవరో తినేస్తున్నారని చాలా రోజులు అనుమానపడ్డాను, ఒకసారి గొడవ కూడా పెట్టుకున్నాను. చివరికి కాల్చాక కాటా మీద పెట్టి చూస్తే 2,100 గ్రాములే ఉంది. కాలేటప్పుడు నీళ్ళు ఆవిరైపోతాయి కదా, 300 గ్రాములు అలా పోయాయి. అంచులు విరిగినవి, మాడినవి ఇంకో 100. అమ్మగలిగేది సరిగ్గా 2,000 గ్రాములు. 8 డబ్బాలు. అంటే డబ్బాకి 50 కాదు, 60. పచ్చి ముద్ద తూకంతో ధర కట్టకండి. కాలి, చల్లారి, విరిగినవి ఏరేశాక మిగిలిందే మీ సరుకు. ఇంట్లోవాళ్ళకి క్షమాపణ కూడా చెప్పుకున్నాను.

డబ్బా, లేబుల్, కరెంటు కలిపి 10. మొత్తం 70. దాని మీద నాకు 20 మిగలాలనుకున్నాను. 90.

ఇక దుకాణం సంగతి. కౌంటర్ దగ్గర ఉండే ఆయన "మాకు 30 శాతం మేడమ్" అన్నాడు. ఓస్, ఇంతేనా అనుకున్నాను. 90కి 30 శాతం అంటే 27. కలిపితే 117. అక్కడే, ఆ కౌంటర్ మీదే, నోటితో లెక్క కట్టి 117 అని లేబుళ్ళు రాయించేశాను. కాగితం ఇస్తే చదవకుండా సంతకం పెట్టాను. చదవలేదని ఒప్పుకోవడానికి సిగ్గేస్తోంది, కానీ ఆ చిన్న అక్షరాలు చదవడానికి ఆయన నాకు టైం ఇచ్చాడా అంటే అదీ లేదు. వెనక నలుగురు నిలబడి ఉన్నారు.

నెల తర్వాత చీటీ వచ్చింది. వెంటనే వెళ్ళాను. మామూలుగా వెళ్ళలేదు, కోపంగా వెళ్ళాను. "మీ లెక్క తప్పు, నాకు డబ్బాకి 90 రావాలి" అన్నాను గట్టిగా. ఆయన తలెత్తకుండానే కాలిక్యులేటర్ నా వైపు తిప్పాడు. 117 మీద 10 శాతం తగ్గింపు పెట్టారట, కాగితంలో ఉందట. 105.30. అమ్ముడైనవి 36. నాలుగు గడువు దాటి వెనక్కొచ్చాయి. 36 సార్లు 105.30 అంటే 3,790.80. అందులో వాళ్ళ 30 శాతం 1,137.24. మిగిలింది 2,653.56.

"తగ్గింపు సంగతి తర్వాత చూద్దాం. మీ 30 శాతం నేను ముందే కలిపాను కదా, 27 కలిపాను" అన్నాను. అప్పుడు తలెత్తాడు. దుకాణంలో అందరికీ వినపడేలా, "మేడమ్, శాతం మీ ధర మీద కాదు, అమ్మిన ధర మీద. 117లో 30 శాతం అంటే 35.10. మీరు 27 కలిపితే మిగతాది ఎవరు ఇస్తారు?" అన్నాడు. పక్కన కూరగాయల సంచీతో నిలబడ్డావిడ నవ్వింది. ఏమీ అనలేదు, నవ్విందంతే. ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే ఆ సంచీ కనిపిస్తుంది.

ఆయన చెప్పింది నిజం. అదే నా బాధ. తప్పు చెప్పి ఉంటే పోట్లాడి గెలిచి వచ్చేదాన్ని. కానీ నిజాన్ని నెమ్మదిగా కూడా చెప్పొచ్చు. కౌంటర్ వెనక కూర్చున్నవాళ్ళకి చాలామందికి అది తెలియదు.

ఇంటికొచ్చి అసలు నష్టం కట్టాను. 40 డబ్బాలకి నా ఖర్చు 2,800. వచ్చింది 2,653.56. అంటే నెలంతా కాల్చి, మోసి, అంటించి, 146.44 చేతి నుంచి పెట్టాను. నా కష్టానికి ఒక్క గవ్వ కూడా వేసుకోకుండా.

ఎనిమిది చదువుతున్న మా మేనకోడలు ఆ రోజు ఇంట్లోనే ఉంది. నా ముఖం చూసి కాగితం లాక్కుంది. పక్కపక్కనే పది గళ్ళు గీసి, మూడు గళ్ళు పెన్సిల్‌తో నలుపు చేసింది. "అత్తా, ఇవి దుకాణం వాళ్ళవి. తెల్లగా ఉన్నవి ఏడు నీవి. నీ 90 ఈ ఏడింట్లో సర్దాలి. అప్పుడు ఒక్కో గడి ఎంత?" 90ని 7తో భాగిస్తే 12.86. పది గళ్ళకి 128.57. అంటే తగ్గింపు లేకపోయినా లేబుల్ మీద 129 ఉండాల్సింది, నేను 117 రాయించాను. కలపడం కాదు, భాగించాలి. 90ని 0.7తో భాగించాలి. ఇంత చిన్న విషయం పది గళ్ళ బొమ్మలో కనిపించింది, నా నూటికి నూరు మార్కుల్లో కనిపించలేదు.

అసలు తిరకాసు ఎక్కడుందో అప్పుడు అర్థమైంది. బళ్ళో లాభశాతం ఎప్పుడూ కొన్నవెల మీద చెప్పారు. బయట దుకాణాలూ డెలివరీ యాప్‌లూ కోసుకునే శాతం అమ్మినవెల మీద. 70కి 30 శాతం కలిపితే 91. ఆ 91లోంచి 30 శాతం తీసేస్తే 70 రాదు, 63.70 వస్తుంది. ఎక్కిన మెట్లూ దిగిన మెట్లూ ఒకటి కావు. పాఠం తప్పు కాదు, కానీ "శాతం దేని మీద?" అని అడగమని ఏ టీచరూ చెప్పలేదు. లేదా చెప్పారేమో, నేను ఆ రోజు ఎవరికో నోటుబుక్కు ఇస్తూ ఉండి ఉంటాను.

తగ్గింపు కూడా అంతే. 30, 10 కలిపి 40 అనుకుంటాం. కాదు. 100లో ముందు 10 పోతే 90, అందులో 30 శాతం 27 పోతే 63. పోయింది 37. ఇక్కడ నాకు 3 కలిసొచ్చినట్టు అనిపిస్తుంది కానీ, ఆ 10 తగ్గింపులో ఏడు వంతులు నేనే మోస్తున్నాను, వాళ్ళు మోసేది మూడు. 117కి 0.63 అంటే 73.71. అందులో ఖర్చు 70 పోతే డబ్బాకి నాకు మిగిలింది 3.71. వెనక్కొచ్చిన నాలుగింటి ఖర్చు 280. ఆ ఒక్కో డబ్బా నష్టాన్ని పూడ్చాలంటే దాదాపు 19 డబ్బాలు అమ్మాలి.

ఓవెన్ వాయిదా, లైసెన్సు, ఇంకా చిల్లర మల్లర కలిపి నెలకి 1,800 ఎలాగూ కట్టాలి. డబ్బాకి 20 మిగిలితే 90 డబ్బాలతో అది తీరుతుంది. 3.71 మిగిలితే 486 డబ్బాలు కావాలి, అంటే 61 వాయిలు. వాయికి రెండున్నర గంటలు. నెలలో ఎన్ని గంటలో మీరే కట్టుకోండి, నాకు కట్టబుద్ధి కాలేదు. నెలకి ఇంత సంపాదించండి అని వీడియోల్లో ఊదరగొట్టేవాళ్ళలో ఒక్కరు కూడా ఈ భాగహారం చేసి చూపించగా నేను చూడలేదు. ఇంటి పనే కదా అని ఆడవాళ్ళం మన గంటలకి విలువ వేసుకోం, వాళ్ళకి అదే పెట్టుబడి.

మళ్ళీ మొదటి నుంచి కట్టాను. 250 గ్రాముల డబ్బాకి 90ని 0.63తో భాగిస్తే 143. 117 నుంచి ఒకేసారి 143 అంటే ఎవరు కొంటారని భయమేసింది. డబ్బా 200 గ్రాములు చేశాను. అదే వాయికి 10 డబ్బాలు వస్తాయి. సరుకు 48, మిగతా ఖర్చు 10, నాకు 20, మొత్తం 78. 0.63తో భాగిస్తే 123.81. లేబుల్ మీద 124 అని రాయించి, 200 గ్రాములు అని దానికంటే పెద్ద అక్షరాల్లో వేయించాను. తూకం తగ్గించి దాచిపెట్టే బుద్ధి నాకు లేదు. పైగా పెద్ద డబ్బా 143కి అమ్మి ఉంటే వాయికి 160 మిగిలేది, ఇప్పుడు 200 అయింది.

నిన్న 20 డబ్బాలే తీసుకెళ్ళాను. మిగిలిపోతే వెనక్కొచ్చేవి తక్కువ ఉంటాయని. ఆయనే ఉన్నాడు. కాగితం ఇచ్చాడు. ఈసారి వెనక నలుగురున్నా, పక్కకి జరిగి, రెండు వైపులా చదివి సంతకం పెట్టాను. "ఈ నెల కూడా 10 శాతం తగ్గింపు నడుస్తోంది మేడమ్, మీవి పెట్టమంటారా, వద్దా?" అన్నాడు.

"పెట్టండి, ఫర్వాలేదు" అన్నాను.