తరుగు లెక్క

ఈరోజంతా పలాసలోనే. ఇక్కడి జీడిపప్పు ఫ్యాక్టరీ ఒకదానికి మా కంపెనీ స్టాక్ సాఫ్ట్‌వేర్ చేస్తోంది, బిజినెస్ అనలిస్టుని నేనే, అంటే వాళ్ళకి ఏం కావాలో తెలుసుకుని డెవలపర్లకి రాసిచ్చే మనిషిని. పొట్టు తీసే ఒక్కొక్కరి పేరు మీదా రోజువారీ తరుగు ఫోన్లో కనబడాలని ఓనరు గారు కోరారు. పొద్దున్న ఎంత పప్పు ఇచ్చారు, సాయంత్రం ఎంత తిరిగొచ్చింది, తేడా ఎంత. అడిగింది అడిగినట్టు డెవలపర్లకి పంపేస్తే స్క్రీన్ తొందరగానే తయారైపోతుంది. నేను పంపలేదు. తరుగు ఎక్కడ పోతోందో నాకే తెలియనప్పుడు దాన్ని ఒకరి పేరు పక్కన ఎలా రాయిస్తాను?

పిక్కల నుంచి మొదలుపెట్టాను. ఉడకబెట్టి, ఆరబెట్టి, కోసి, లోపలి పప్పుని బోర్మాలో, అంటే వేడిగాలితో ఆరబెట్టే గదిలో, ఆరనిచ్చి, పొట్టు ఒలిచి, సైజుల వారీగా గ్రేడ్ చేస్తారు. 80 కిలోల బస్తాకి 20 కిలోలకి కాస్త అటూ ఇటూ పప్పు దిగుతుంది. గ్రేడు లెక్క మాత్రం పౌండ్లలోనే: డబ్ల్యూ-320 అంటే పౌండుకి 300 నుంచి 320 గుండ్లు, అంటే విరగని పప్పులు. గుండు బద్దయితే ధర పడిపోతుంది, అందుకే పొట్టు తీసే చెయ్యి అంత నెమ్మదిగా ఆడుతుంది.

ఆ చేతుల పక్కనే చాలాసేపు కూర్చున్నాను. బొటనవేలితో నలిపితే పొట్టు పొరలా ఊడొస్తోంది. కొన్నిటికి మాత్రం అంటుకుపోయింది. ఒకావిడ అలాంటివన్నీ పక్క ట్రేలో వేస్తోంది. "ఇవెందుకు పిన్నీ తీసి పెడుతున్నారు?" అన్నాను.

"ఇది రాదమ్మా. గీకితే ఇరిగిపోద్ది. సాయంత్రం మల్లీ బోర్మాకి ఎల్లిపోద్ది."

"రేపు మళ్ళీ మీకే ఇస్తారా?"

"ఎవులికి పడితే ఆలకే."

నేను గీసుకున్న ప్రాసెస్ బొమ్మలో బాణాలన్నీ ముందుకే ఉన్నాయి, వెనక్కి వెళ్ళే దారే లేదు. గుమస్తా గారి పుస్తకంలోనూ లేదు. ఆ ట్రే తూకం ఎక్కడా రాయరు. 10 కిలోలు ఇస్తే, వచ్చిన తెల్ల పప్పు పోను మిగతాదంతా తరుగే. మర్నాడు అదే పప్పు కొత్త పప్పుతో కలిసి బయటికొచ్చి, ఇచ్చిన లెక్కలో ఇంకోసారి పడుతోంది. అంటే ఓనరు గారు అడిగిన స్క్రీన్ చేసి ఇస్తే, పప్పు విరగకుండా జాగ్రత్తగా పక్కన పెట్టిన మనిషి పేరు మీదే ఎక్కువ తరుగు కనబడుతుంది. రోజూ, ఫోన్లో, పేరుతో సహా. అది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తోంది.

మధ్యాహ్నం ఓనరు గారికి పుస్తకం, ట్రే రెండూ పక్కపక్కన పెట్టి చూపించాను. ఆయన వాదించలేదు. గుమస్తా గారిని పిలిచి, ఇవాళ్టి నుంచి బోర్మాకి తిరిగెళ్ళే ట్రేలన్నీ తూయించమన్నారు.

టెక్కలిలో బీకాం చదువుతున్న మా చెల్లి రాత్రి ఫోన్ చేసి, కోడింగ్ రాకపోయినా ఈ ఉద్యోగం చెయ్యొచ్చా అక్కా అని అడిగింది. చెయ్యొచ్చు. డేటా వెతుక్కోవడానికి ఎస్‌క్యూఎల్, ఎక్సెల్ రావాలి, ఫ్లోచార్టు గీయడం రావాలి, పనులు నమోదు చేసే జీరా సాఫ్ట్‌వేర్‌లో యూజర్ స్టోరీ, అంటే వాడేవాళ్ళకి ఏం కావాలో చెప్పే చిన్న వివరణ, రాయడం నేర్చుకోవాలి. బిజినెస్ అనలిస్టుల అంతర్జాతీయ సంస్థ ఐఐబీఏ వాళ్ళ ఈసీబీఏ సర్టిఫికెట్ కొత్తవాళ్ళ కోసమే ఉంది. ఇవన్నీ కూర్చుంటే వచ్చేస్తాయి. పిన్నిని అడిగిన రెండో ప్రశ్న మాత్రం ఏ కోర్సులోనూ దొరకదని చెప్పాను. అర్థమయిందో లేదో, ఈసారి వచ్చినప్పుడు నాతో పాటు ఫ్యాక్టరీకి తీసుకెళ్తాను.

ఇందాకే యాక్సెప్టెన్స్ క్రైటీరియాలో, అంటే పని సరిగ్గా అయిందనడానికి పెట్టుకునే షరతుల్లో, మొదటి లైను రాశాను: బోర్మాకి తిరిగెళ్ళిన పప్పు తరుగులోకి రాకూడదు, కొత్త పప్పుగానూ లెక్కపడకూడదు. రేపు గుమస్తా గారిని అడగాల్సింది ఇంకొకటుంది. ఒకరు తీసి పెట్టిన పప్పుని మర్నాడు వేరొకరు ఒలిస్తే, కూలి ఎవరికి రాస్తున్నారు? అది తేలేదాకా కూలి లెక్క స్క్రీన్ మొదలుపెట్టొద్దని డెవలపర్లకి మెయిల్ పెట్టాను.