అత్తగారికి బీపీ, కోడలికి ప్రశ్నలు: కుటుంబ ఆరోగ్య సర్వేలో నా అనుభవం

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత 2019లో తెలంగాణలో జరిగినప్పుడు నేను ఇంటర్వ్యూలు చేసే టీమ్‌లో ఉన్నాను. "ఇంత శాతం ఆడవాళ్లకు రక్తం తక్కువ" అని పేపర్లో చదువుతాం కదా, ఆ అంకె వెనక ఏం జరుగుతుందో చెప్పాలని ఎప్పటి నుంచో ఉంది.

ముందు కొందరు ఊరంతా తిరిగి మ్యాప్ గీసి ఇళ్ల జాబితా రాస్తారు. అందులోంచి లెక్క ప్రకారం 22 ఇళ్లు తీసి మా చేతికిస్తారు. ఇక ఆ ఇళ్లే. తాళం ఉందని పక్కింటి తలుపు కొట్టడానికి లేదు, ఇంకో పూట మళ్లీ రావాల్సిందే. ఈ నియమం నాకు చాలా నచ్చింది. పొద్దున్నే పత్తి చేలో కలుపు తీయడానికి పోయే ఆమెను వదిలేసి ఇంట్లో దొరికినవాళ్లనే అడిగితే, కూలికి పోయేవాళ్లు లెక్కలోనే ఉండరు. అందుకే కూలీల ఆటోలు కదలకముందే ఊళ్లో ఉండేవాళ్లం, లేదంటే రాత్రి వంటలయ్యే వేళకు వెళ్లేవాళ్లం. బతుకమ్మ రోజుల్లో మాత్రం సాయంత్రాలు ఎవరినీ కూర్చోబెట్టలేదు. ఏడాదిలో ఆడవాళ్లు నిశ్చింతగా బయటికొచ్చే ఆ నాలుగు రోజులూ మనం తీసుకోకూడదు అనిపించింది.

గడపలో అందరూ అడిగేది ఒకటే: "పింఛన్ గిట్ల తీసేస్తరా?" 2014 ఆగస్టు 19న సమగ్ర కుటుంబ సర్వే కోసం జనం ఎక్కడెక్కడి నుంచో బస్సులెక్కి సొంతూళ్లకు వచ్చిన సంగతి ఎవరూ మర్చిపోలేదు. సర్వే అంటే ఏదో వస్తుందని ఆశ, ఏదో పోతుందని భయం. ఏమీ రాదు, ఏమీ పోదు, మీ పేరు ఎక్కడా బయటపడదు అని ఓపిగ్గా చెప్పేవాళ్లం. ఊళ్లో ఆరోగ్య కార్యకర్తగా పనిచేసే ఆశ అక్క వెంట ఉంటే తలుపు తొందరగా తెరుచుకునేది. ప్రశ్నలు మొదలుపెట్టేముందు ఆమెను కూడా పంపించేయాలి, అదింకో ఇబ్బంది.

అసలు కష్టం ఏమిటంటే, అడగాల్సిన మనిషిని ఒంటరిగా కూర్చోబెట్టడం. బజారుకు, దవాఖానకు, ఊరు దాటి ఎక్కడికైనా ఒక్కరే వెళ్లొచ్చా, తోడుంటేనే వెళ్లాలా, అసలు వెళ్లనివ్వరా అనే ప్రశ్న ఉంటుంది. ఒకింట్లో కోడలు నోరు తెరవకముందే అత్తగారు అందుకుంది: "మేమేమన్న కట్టేసినమా?" ఆ అమ్మాయి తలూపింది. నేను ల్యాప్‌టాప్‌లో జవాబు నొక్కకుండా ఆపేశాను.

అప్పుడు మాకు పనికొచ్చింది బీపీ మిషన్. 15 ఏళ్లు నిండిన అందరికీ బీపీ చూస్తాం, అదీ మధ్యమధ్యలో ఆగుతూ మూడుసార్లు. మా హెల్త్ ఇన్వెస్టిగేటర్ అత్తగారిని బయట మంచం మీద కూర్చోబెట్టి, కదలొద్దు, మాట్లాడొద్దు అంది. నిజంగానే మాట్లాడకూడదు. ఆ కాస్త సమయంలో కోడలిని అదే ప్రశ్న మళ్లీ అడిగాను. "దవాఖానకు ఆయన తోలుకపోతడు. ఒక్కదాన్నయితే పంపరు" అంది. నెలకొకసారైనా సినిమా హాలుకు వెళ్తారా అంటే, పెళ్లికి ముందు చూసిందే చివరిదట. సరదాల గురించి ఈ సర్వే అడిగేది చాలా తక్కువ: పేపర్, రేడియో, టీవీ, సినిమా. పని లేకుండా ఒక గంట ఎక్కడైనా గడిపారా అని అడిగే ప్రశ్న కూడా ఉండాలని నేను గట్టిగా కోరుకుంటాను.

భర్త కొడతాడా అని అడిగే భాగం ఎంపిక చేసిన కొన్ని ఇళ్లలోనే, ఇంటికి ఒక్కరినే అడుగుతాం. మూడో మనిషి అడుగు లోపల పడితే మాట మార్చేస్తాం. ఏకాంతం దొరక్కపోతే ఆ భాగం అడగం. అంకె కంటే ఆమె క్షేమం ముఖ్యం.

కాన్పుల భాగం దగ్గర నాకు గొంతు పట్టేసేది. పుట్టి తర్వాత చనిపోయిన పిల్లలున్నారా అని అడుగుతాం. లేరంటే అక్కడితో ఆపం. పుట్టగానే ఏడ్చి, కాసేపే బతికిన బిడ్డ ఉందా అని ఇంకోసారి అడుగుతాం. ఒకామె మొదట లేరనే చెప్పింది. రెండోసారి అడిగాక కొంగు చివర వేలికి చుట్టుకుంటూ, "ఒక్క పూట ఉండె. పేరు పెట్టలే" అంది. ఇంట్లో ఎవరూ ఆ బిడ్డ మాట ఎత్తరట. ల్యాప్‌టాప్‌లో పేరు దగ్గర ఏం రాయాలో మాకు నేర్పారు, రాశాను. కానీ తర్వాతి ప్రశ్నకు వెంటనే వెళ్లలేదు. మంచినీళ్లు తాగాక, ఆమె సరే అన్నాకే మొదలుపెట్టాం.

రక్తపరీక్ష అంటే భయం ఎక్కువ. "మా రక్తం అమ్ముకుంటరట గదా" అని ముఖం మీదే అడిగినవాళ్లున్నారు. వేలికి సూదితో గుచ్చి, మొదటి చుక్కలు తుడిచేసి, తర్వాతి చుక్కను చిన్న పలకలోకి తీసి మిషన్‌లో పెట్టేవాళ్లం. కాసేపటికే హిమోగ్లోబిన్ అంకె కనిపించేది. గర్భం లేని ఆడవాళ్లకు 12 కంటే తక్కువుంటే రక్తహీనత. ఎనిమిది, తొమ్మిది చూసి "నీరసం అందరికుండేదే కదా" అనేవాళ్లు. అది అందరికీ ఉండాల్సింది కాదని, కార్డు మీద అంకె రాసిచ్చి పీహెచ్‌సీకి వెళ్లమని చెప్పేవాళ్లం.

2020 డిసెంబర్‌లో ఫలితాలు వచ్చాయి. తెలంగాణలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత. కాన్పుల్లో 60.7 శాతం పెద్దాపరేషన్లే. ఆ రెండో అంకె చూసి చాలామంది ఆశ్చర్యపోయారు. గడప గడపా తిరిగిన మాకు ఆశ్చర్యం కాలేదు, కోపం వచ్చింది.

మీ ఇల్లు ఎప్పుడైనా ఇలాంటి సర్వేకు ఎంపికైతే ముందు గుర్తింపు కార్డు అడగండి. సంతకం పెట్టేముందు కాగితం పూర్తిగా చదివించుకోండి. నచ్చని ప్రశ్నకు జవాబు చెప్పనని అనొచ్చు. బీపీ, షుగర్ లాంటివి చూస్తే ఆ అంకెలు రాయించుకోండి. ఇంట్లో కోడలినో కూతురినో అడుగుతుంటే మాత్రం, దయచేసి ఆ గంటసేపు బయట కూర్చోండి.