నల్లూరు చింతతోపులో అమ్మ

ఉగాది వెళ్లిన ఆదివారం అమ్మను నల్లూరు తీసుకెళ్లాను. బెంగళూరు వచ్చినప్పుడల్లా ఏదో ఒక గుడి చూడనిదే ఆమెకు తోచదు. "చెన్నకేశవుడి పాత గుడి, చుట్టూ వందల ఏళ్ల చింతతోపు" అన్నాను. అందులో గుడి అన్న మాటే ఆమె చెవికెక్కింది. తెల్లవారకముందే లేచి నైవేద్యానికి పులిహోర కలిపింది.

హెబ్బాళ దాటి దేవనహళ్లి చేరి, అక్కడ సూలిబెలె రోడ్డు పట్టాం. తోపు దగ్గర కారు దిగేసరికి నెత్తిమీదుగా విమానం పోయింది.

గుడి చూసి అమ్మ ముఖం వాడిపోయింది. కదిలిపోయిన రాతి గోడలు, సందుల్లో గడ్డి. మేము వెళ్లిన వేళకు పూజారీ లేడు, దీపమూ లేదు. "ఇంత దూరం తెచ్చి శిథిలాలు చూపిస్తావా నాన్నా?" అంది. టిఫిను క్యారియరు నా చేతికిచ్చి, కోపంగానే ఒక ప్రదక్షిణ చేసింది. తప్పు నాదే, ముందే చెప్పాల్సింది.

ఆ మూడీతనం మొదటి పెద్ద చెట్టు దగ్గర పోయింది. కాండం పురి తిప్పిన మోకులా మెలికలు పడి ఉంది. లోపలంతా డొల్ల, ఐదేళ్ల పిల్ల నిలబడేంత. తొంగి చూస్తే పాత గోనెసంచి వాసన, బారులు తీరిన చీమలు. ఇక చెట్టు పని అయిపోయిందనుకుంటామా, పైన లేత ఎరుపు చిగురు. దాని పక్కచెట్టు ఇంకా వింత. ఒక పక్కకు ఒరిగి, మోచెయ్యి ఆనించుకున్న ముసలాయనలా పెద్ద కొమ్మను నేలకు ఆనించింది. ఆనిన చోట వేళ్లు దిగి, అక్కడి నుంచి మరో కాండం నిటారుగా లేచింది. ఏది తల్లో ఏది పిల్లో చెప్పలేం. అమ్మ చేత్తో తడిమి, "చింత చచ్చినా పులుపు చావదంటే ఇదేనేమో" అంది.

మేకలు తోలుకొస్తున్న పెద్దాయన మా మాటలు విని తెలుగులోనే పలకరించాడు. ఈ ప్రాంతంలో అది మామూలే. చెట్లను చోళుల కాలంలో నాటారట. "మా తాత చిన్నప్పుడు కూడా ఈ హుణసె చెట్లు ఇంతే లావమ్మా" అన్నాడు. హుణసె అంటే కన్నడంలో చింత. ఊరివాళ్ల లెక్క 800 ఏళ్లు. ఒక చెట్టుకు కార్బన్ పరీక్ష చేస్తే 400 ఏళ్లు దాటినట్టు తేలిందని చదివాను. నాకు 400 చాలు. అమ్మ మాత్రం పెద్దాయన పక్షమే.

మొత్తం 54 ఎకరాలు, దాదాపు 300 చెట్లు. కర్ణాటక ప్రభుత్వం 2007లో దీన్ని జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించింది, దేశంలో ఆ గుర్తింపు మొదట దక్కింది ఈ తోపుకే. ఇదంతా విని అమ్మ అడిగింది ఒక్కటే: "విమానాశ్రయం పక్కన 54 ఎకరాలు, ప్లాట్లు వేయకుండా ఎలా ఉంచార్రా?"

చిగురు చూసి పప్పు గుర్తొచ్చినట్టుంది, చెయ్యి కొమ్మ దాకా వెళ్లింది. మళ్లీ ఏమనుకుందో దించేసింది. చింతచెట్ల కింద దయ్యాలుంటాయని చిన్నప్పుడు నన్ను భయపెట్టిన మనిషి, ఆ డొల్ల చెట్టు మొదట్లోనే కొంగు పరుచుకుని కూర్చుంది. పులిహోర తొలి ముద్ద తీసి వేరు మీద పెట్టింది. "చింతపండు పులుసు చింతచెట్టుకే నైవేద్యమా?" అని నవ్వాను. "నీకెందుకు, తిను" అంది. రెండో ముద్ద పెద్దాయనకు, మూడోది నాకు.

లేచేటప్పుడు రాలిపడిన కాయ ఒకటి దొరికింది. పెంకు ఒలిచి చప్పరించి, "రసానికి పనికొస్తుంది" అని తేల్చింది. గింజల్ని మాత్రం కొంగున కట్టుకోలేదు. చెప్పు విడిచి, కాలి బొటనవేలితో ఒక్కొక్కటే మట్టిలోకి నొక్కింది.